మట్టి మిద్దెల చలవ

డొల్లు కర్తరి మే 4న మొదలవుతుంది. వారం తిరిగేసరికి నిజ కర్తరి, అది మే 28 దాకా వదలదు. ఆ దినాల్లో మా చిత్తూరు వైపు కొత్త ఇంటి పని ఎత్తుకునేవాళ్ళు కాదు. బావి తవ్వేవాళ్ళు కాదు, చెట్టు మీద గొడ్డలి వేసేవాళ్ళు కాదు. పంచాంగం కూడదంటుంది అనేవాళ్ళు పెద్దలు. ఆ మాట పుణ్యాన కూలివాడి నడినెత్తి కొన్నాళ్ళు ఎండ తప్పించుకునేది. అంత కాలం ఊరు ఊరంతా ఎండను ఎట్లా దాటించాలా అన్న ఒక్క పని మీదే ఉండేది.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఎండ పొద్దు గూకడంతో పోదని తెలుసు. పగలంతా కాగిన శేషాచలం బండలు రాత్రి ఆ వేడిని ఊరి మీదికి వదులుతాయి. కొండ పక్కనుండే వీధుల్లో పది గంటలకు కూడా గాలి వెచ్చగానే తగులుతుంది. ఇప్పుడు ఆ కొండకు తోడు ప్రతి ఇంటి మీదా ఒక సిమెంటు స్లాబు చేరింది. అదీ అదే పని చేస్తుంది, కాకపోతే మన మంచానికి ఇంకా దగ్గరగా ఉండి చేస్తుంది.

మా అవ్వ ఇల్లు పల్లెలో మట్టి మిద్దె. గోడలు మూరెడు మందం. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలూ ఆకులూ పరిచి, ఆపైన మందంగా మన్ను, అన్నిటికంటే పైన చౌడు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి తొక్కేవాళ్ళు. నీరు దిగనియ్యని మన్ను అది. అంత మందం గోడలోంచి, అంత మందం కప్పులోంచి వేడి లోపలికి రావాలంటే సాయంత్రం దాటాలి. అప్పటికి బయట గాలి చల్లబడి తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. నడి మిద్దెలో గవాక్షి ఉండేది. పగలు అందులోంచి ఇంత వెలుతురు పడితే, రాత్రి లోపలి ఉడుకంతా దానిగుండా పైకి పోయేది. వానొస్తే దాని మీద పాత చట్టి బోర్లించేవాళ్ళు.

తిరుపతి పాత వీధుల్లో ఉన్నవాళ్ళవి మద్రాసు మిద్దెలు. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో కలిపి కట్టేవాళ్ళు. ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసేవాళ్ళు. కప్పు పరిచాక కూలి ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య దిమ్మిసలతో దినాలకు దినాలు కొట్టేవాళ్ళు. ఆ దెబ్బలకే సున్నం గట్టిపడి, నీళ్ళు దిగని కప్పు అయ్యేది. అటువంటి మిద్దె కింద మిట్టమధ్యాహ్నం నిద్రపోయినవాళ్ళకు నేను ఆ చలవ సంగతి చెప్పనక్కర్లేదు.

పొద్దు వాలేటప్పుడు అవ్వ గొంతు వీధి దాకా వినిపించేది. "మేయ్ పాపా, మిద్ది మింద నీళ్ళు జల్లినారా లేదా?" బావిలో నీళ్ళు చేది, కడవలతో నిచ్చెన ఎక్కి, మిద్దె తడిసేట్టు చల్లాలి. అంతే, పోసెయ్యకూడదు. పోస్తే మన్ను కరుగుతుంది. మొదటి నీళ్ళకు మన్ను గుప్పున వాసన కొట్టి, వేడి ఆవిరి మొహానికి తగిలేది. కాసేపు ఆగి మళ్ళీ చల్లేవాళ్ళు. ఆ తరవాత ఈతచాపలు పైకి పోయేవి. ముసలివాళ్ళకు కింద వాకిట్లో నులక మంచం. నులకలో గాలి ఆడుతుంది, వీపు కింద చెమట నిలవదు. నడిరేయి దాటాక ఒక దుప్పటి కావాల్సి వచ్చేది, మే నెలలో.

కుండ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏటా మాఘ మాసం పోయాక అవ్వ కొత్త కుండ కొనేది. వేలు మడిచి తట్టి చూసేది. కంగుమంటే పగులు లేనట్టు. తెచ్చిన కుండను ఒక రాత్రి నీళ్ళలో మునగనిచ్చి, తరవాత నింపిన నీళ్ళు రెండు మూడు దినాలు పారబోసేది. మన్ను వాసన పోయాకే తాగనిచ్చేది. పంచలో ఒక మూలన తడి ఇసుక పోసి, దాని మీద కుండ నిలిపి, చుట్టూ తడిగుడ్డ చుట్టేది. ఆ ఇసుకలో గుప్పెడు రాగులు చల్లితే నాలుగు దినాలకు పచ్చగా మొలిచేవి. కుండ ఒంటికి కంటికి కనపడని బెజ్జాలుంటాయి. వాటిగుండా చెమ్మ బయటికి వచ్చి గాలికి ఆరిపోతూ లోపలి నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. మా వైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఒక వేసవి వాడితే బెజ్జాలు ఉప్పుతో పూడిపోతాయి, కుండ ఒళ్ళు తెల్లగా పూస్తుంది. అది ఇంక నీళ్ళు చల్లబరచదు. అందుకే పాత కుండకు కందులో చింతపండో పోసి అటకెక్కించి, మళ్ళీ కుమ్మరింటికి పోయేది. రంగులు పూసి మెరుగు పెట్టిన కుండలు ఇప్పుడు అంగళ్ళలో అమ్ముతున్నారు. రంగు కింద బెజ్జాలు మూసుకుంటే ఆ కుండ ఉత్త అలంకారం. కొనేవాళ్ళు పలమనేరు వైపు కుమ్మరుల దగ్గర ఏ రంగూ లేని మట్టికుండ కొనుక్కోండి.

తిండి కూడా ఇంటిని చల్లగా పెట్టేదే. రాత్రి మిగిలిన సంగటి ముద్దను నీళ్ళలో వేసి పెడితే, పొద్దున పిసికి మజ్జిగ కలుపుకుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ ఊరిబిండి నంజుకునేవాళ్ళు. పొద్దున పొయ్యి వెలిగించే పని లేదు. ఎండ ముదిరేలోగా మధ్యాహ్నపు వంట అయిపోవాలి, ఆ తరవాత సాయంత్రం దాకా ఇంట్లో నిప్పు ఉండకూడదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర పడేది సరిగ్గా ఆ మండుటెండల్లోనే. అమ్మకు అంబలి, వేపాకు. దేవతనూ చలవ చేసి, ఆ అంబలే వీధిలో వచ్చేపోయేవాళ్ళకు పోసే ఊరు మాది. నన్నారి గడ్డ అడవిలోంచి వచ్చేది. దాన్ని దంచి నానబెట్టి కాచిన పానకంలో నిమ్మకాయ పిండుకుంటే ఒంట్లో వేడి దిగేది. ఇప్పుడు సీసాల్లో అమ్మే ఎర్రనీళ్ళలో చాలావాటికి పేరు తప్ప ఆ గడ్డతో చుట్టరికం లేదు.

తిన్నెలూ పోయాయి. వీధి గోడకు ఆనించి కట్టిన ఆ నున్నటి అరుగు మీద మధ్యాహ్నం ఎవరైనా నడుం వాల్చొచ్చు, దారిన పోయే గాజుల సెట్టి అయినా సరే. ఇంటి ముందు కొబ్బరి మట్టల పందిలి నీడ దాని మీద పడేది. కలిగినవాళ్ళ కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు వేలాడేవి. వాటిని తడుపుతూ ఉండటానికి ఒక మనిషి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొన్ని తిన్నెలు పోతే, మిగతావి బండి పెట్టుకోవడానికి మనమే తీసేశాం.

స్వర్ణముఖి మాట తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. వేసవిలో ఏరు పారదు, అయినా ఇసుక బతికే ఉండేది. చేత్తో చెలమ తోడితే నీళ్ళు ఊరేవి, దోసిలితో తాగితే పళ్ళు జివ్వుమనేవి. పొద్దుగూకినాక చంద్రగిరి నుంచి తిరుచానూరు దాకా ఏటి పక్క జనం ఇసుకలో కూర్చునేవాళ్ళు. ఆ ఇసుక లారీలెక్కి స్లాబులైపోయింది. రాత్రంతా మనల్ని ఉడికిస్తున్న ఆ కప్పుల్లో మనల్ని చల్లబరిచిన ఏరు ఉంది.

దొరలు ఎండకు వేరే దారి చూసుకున్నారు. కడప కలెక్టరు హార్స్‌లీ మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, ఆ కొండకు అతని పేరే మిగిలింది. 1944లో ఘాట్ రోడ్డు పడ్డాక తిరుపతివాళ్ళు కొందరు వేసవి సాయంత్రాలు తిరుమలకు పోయి చల్లగాలి తగిలించుకుని వచ్చేవాళ్ళు. కింద మిగిలినవాళ్ళు ఉన్న ఇంటినే చల్లబరుచుకున్నారు.

ఆ చలవ ఊరికే రాలేదు, అది ఆడవాళ్ళ రెక్కల కష్టం. నీళ్ళు చేదింది, కడవలు మోసింది, పేడతో అలికింది, నిద్ర పట్టని బిడ్డకు అర్ధరాత్రి దాకా తాటాకు విసనకర్రతో విసిరింది వాళ్ళే. మట్టి మిద్దె వానకు కారేది, దంతెల సందుల్లో తేళ్ళు ఉండేవి. మిద్దె కూడా లేనివాళ్ళవి బోద కొట్టాలు. లోపల చల్లగానే ఉండేవి గానీ, వేసవి గాలికి ఒక్క నిప్పురవ్వ పడితే వరస మొత్తం బూడిదయ్యేది. అందుకే స్లాబు వచ్చినప్పుడు మా అవ్వ సంతోషపడింది. ఆమె సంతోషం న్యాయమైనదే. బాధల్లా, కారే కప్పుతో పాటు మందం గోడనూ, గవాక్షినీ, వాకిట్లో వేపచెట్టునూ ఎందుకు వదులుకున్నామన్నదే. వాటిని వదులుకోమని ఎవరూ మనల్ని అడగలేదు.

కొన్ని మళ్ళీ వస్తున్నాయి. ఎండకు భక్తుల కాళ్ళు బొబ్బలెక్కకుండా తిరుమల మాడ వీధుల్లో తెల్ల చలువ రంగు వేస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పుకు తెలుపు పూస్తే ఎండ తిరిగిపోతుందని మన సున్నం ఏనాడో చెప్పింది.

స్లాబు ఇల్లు ఉన్నవాళ్ళకు నా విన్నపం ఇదే. ఉగాది వెళ్ళగానే రాతి సున్నం తెచ్చి, రాత్రంతా నానబెట్టి, మేడ మీద రెండు పూతలు వేయండి. పడమటి గోడకు ఎండ తగలకుండా ఒక పందిలి వేసి, దాని మీదికి చిక్కుడో బీరో పాకించండి. మీ ఇంట్లో గానీ మీ ఊళ్ళో గానీ పాత మిద్దె ఒకటి ఇంకా నిలిచి ఉంటే, దాన్ని పడగొట్టే ముందు ఒక్క మే నెల మధ్యాహ్నం అందులో పడుకుని చూడండి.