కంకర బాట

సైకిల్ అనగానే చాలామందికి చిన్ననాటి షికార్లు గుర్తుకొస్తాయి. మాకు దుకాణం గుర్తుకొస్తుంది. సొల్యూషన్ వాసన, నీళ్ల తొట్టిలో ముంచిన ట్యూబు, బుడగ లేచిన చోట అదిమి పట్టిన అబ్బా వేలు, ఆకురాయితో రబ్బరు గీకే చప్పుడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మా ఈడు ముస్లిం పిల్లలు ఎందరికో అలిఫ్ బే కన్నా, అ ఆల కన్నా ముందు పుల్లల లెక్క వచ్చింది. ముందు చక్రానికి ముప్పయిరెండు, వెనక చక్రానికి నలభై. గంట కిరాయికి సైకిల్ తీసుకుపోయిన పంతులుగారి అబ్బాయీ, పటేలు కొడుకూ, దళితవాడ పిల్లగాడూ మా గడప ముందే దిగి లెక్క అప్పజెప్పారు. ఇంట్లో "హవా మార్" అన్నా, బయట "గాలి కొట్టు" అన్నా కొట్టే పంపు ఒక్కటే.

ఆ పని ఇవాళ తిట్టయింది. "పంక్చర్లేసుకునేటోళ్లు" అంటున్నారు. టీ హోటళ్లలో అంటున్నారు, సభల్లో అంటున్నారు, ఫోనుల్లో ఒకరికొకరు పంపుకుని నవ్వుకుంటున్నారు. బీఏ చదివి, ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతుకుతున్నా మా మొహం మీద కూడా ఆ మాట పడింది. పంక్చర్ వేయడంలో సిగ్గేమిటో మాకు అర్థం కాదు. పాలు ఇల్లిల్లూ చేరింది, పేపరు తెల్లారేసరికి పడింది, ఉత్తరం ఊరు దాటింది, ఆడపిల్ల బడికి పోయింది ఆ చక్రాల మీదనే కదా! చక్రం వాడుకున్నవాడు గొప్పవాడు, దాన్ని బాగుచేసినవాడు పనికిమాలినవాడా?

మేము అంటే ముగ్గురం. ఊరికొకరం. ముగ్గురమూ సైకిల్ దుకాణాల ఇళ్లలో పుట్టినవాళ్లమే. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెడుతున్నది ఒకరైనా, మాట ముగ్గురిదీ.

ఇప్పుడు ప్రపంచంలో సైకిల్‌కు ఒక కొత్త మోజు వచ్చింది. గ్రావెల్ సైకిల్ అంటారు. కంకర బాటల మీద పోయే సైకిల్. చూడటానికి పందెం సైకిల్‌లా వంకీ హ్యాండిల్ ఉంటుంది గానీ టైర్లు నలభై మిల్లీమీటర్ల దాకా వెడల్పు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఎంపోరియా అనే ఊళ్లో 2006లో మొదలైన పందెంతో ఈ ఆట పేరుకెక్కింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ పోటీలే జరిగాయి. ఇంగ్లండు దక్షిణాన వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సుద్దకొండల వీపు మీద 160 కిలోమీటర్ల బాట ఉంది. సౌత్ డౌన్స్ వే అంటారు. దాని చివర బీచీ హెడ్ దగ్గర 162 మీటర్ల ఎత్తున తెల్లని సుద్ద గోడ సముద్రం మీదికి నిలబడి ఉంటుంది. ఆ గోడను అల కొంచెం కొంచెం కొరుకుతూనే ఉంటుంది. అది చూడటానికి, ఆ కొండల మీద సైకిల్ తొక్కడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

ఆ బొమ్మలు చూసి ముగ్గురం అనుకున్నాం: మనకు సముద్రం లేదు. కృష్ణ ఉంది. సుద్ద లేదు, దాని అన్న సున్నపురాయి ఉంది. కంకర కావలసినంత ఉంది. ఇక పోవడమే.

గ్రావెల్ సైకిల్ కొనే తాహతు మాకు లేదు. పాత ఫ్రేములకు వెడల్పు టైర్లు ఎక్కించుకున్నాం. మూడింటిలో గేర్లున్నది ఒక్కటే. ఒక డిసెంబర్ పొద్దున కోదాడలో కలిసి, మెల్లచెరువు మీదుగా చింతలపాలెం వైపు, అక్కడినుంచి కృష్ణను ఎడమచేతి పక్కన పెట్టుకుని మట్టపల్లికి, రాత్రికి హుజూర్‌నగర్‌లో చుట్టాలింటికి, మర్నాడు జాన్‌పహాడ్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు. ఇదీ బాట.

మెల్లచెరువు దాటితే నేల తీరు మారిపోతుంది. పత్తి చేలు, మిరప చేల నడుమ నాపరాళ్లు పలకలు పలకలుగా పైకి తేలి ఉంటాయి. సిమెంటు లారీలు లేపిన దుమ్ముకు చింతాకు, వేపాకు ముసలితలల్లా నెరిసి ఉంటాయి. గనులు తవ్విన చోట రాయి మెట్లు మెట్లుగా కోసుకుపోయి నిలువు గోడలు కనిపిస్తాయి. మన తెల్ల కొండలు అవే అనుకోవాలి. కాకపోతే మన రాయి తెల్లనిది కాదు, బూడిద రంగు. కాలిస్తేనే తెల్లబడుతుంది. కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే సలసలా ఉడుకుతుంది. మా ఇళ్ల గోడలకైనా, గుడి గోడలకైనా, మసీదు మినారుకైనా పూర్వం పూసింది అదే సున్నం. మేం ఇంట్లో చూనా అంటాం. సున్నం, చూనా రెండూ చూర్ణం కడుపున పుట్టిన బిడ్డలేనని భాషల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. కంకర ఉర్దూలోనూ కంకరే. ఎవరి మాట ఎవరు తీసుకున్నారో బాట మీద పడి ఉన్న రాయికి పట్టదు.

ఆర్ట్స్ చదివినవాళ్లం గనుక రాళ్ల సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఇంగ్లండు సుద్ద ఏడు నుంచి పది కోట్ల ఏళ్ల కిందట, కంటికి కనిపించని సముద్రజీవుల గుల్లలు అడుగున పేరుకుని గట్టిపడింది. మన పల్నాటి సున్నపురాయి దానికన్నా ఎంతో పాతది. యాభై కోట్ల ఏళ్లకు పైబడినది. గుల్లలూ చేపలూ పుట్టకముందటి సముద్రపు అడుగు అది. అంటే నల్లగొండ జిల్లా వాడు సముద్రం చూడాలంటే బందరు పోనక్కరలేదు, అది ఆరిపోయిన చోటనే నిలబడి ఉన్నాడు. ఇక్కడ ముందు నుంచీ ఉన్నదెవరు, నడుమ వచ్చిందెవరు అని కొట్లాడుకునేవాళ్లు ఒకసారి ఈ రాయి మీద కూర్చుంటే బాగుంటుంది.

కృష్ణ దగ్గరపడేకొద్దీ సర్కారు తుమ్మ ఎక్కువ. దాని ముల్లుకు వెడల్పు టైరూ ఒకటే, సన్న టైరూ ఒకటే. చింతలపాలెం దాటాక ఒక ఊరి మొదట్లో మా వెనక టైరు కూర్చుంది. ఈ కొత్త సైకిళ్లకు ట్యూబు ఉండదు, లోపల పోసిన పాలలాంటి ద్రవమే చిల్లు మూస్తుందట. మాది ట్యూబు. తొట్టి అడిగి తెచ్చుకుని పని మొదలుపెడితే పిల్లలు మూగారు. వాళ్ల ఇళ్లలో గాలిపోయి మూలపడ్డ సైకిళ్లు ఒకటొకటే బయటికి వచ్చాయి. ఆ పూట మా ట్యూబుకు వేసింది ఒక్క ప్యాచ్, ఊరి సైకిళ్లకు వేసినవి నాలుగు. ముగ్గురి చేతులూ ముప్పయ్యేళ్ల కిందటి పనిని ఏమీ మరిచిపోలేదు.

అది పులిచింతల ప్రాజెక్టు నీళ్లలో మునిగిన ఊళ్లవాళ్లకు కట్టిన కాలనీ. నెమలిపురి, చింత్రియాల లాంటి ఊళ్లు కృష్ణ ఒడ్డున ఉండేవి. ఇప్పుడు ఆ జాగాల్లో నీళ్లు. తొట్టి ఇచ్చిన ముసలమ్మ అరుగు మీద కూర్చుని అడిగింది:

"మీది ఏ ఊరు బిడ్డా?"

"మిర్యాలగూడ అమ్మా."

"మిర్యాలగూడల ఎవరోళ్లు?"

"సైకిల్ దుకాణం సాయిబు కొడుకును."

"అట్లనా. మా ఊరు నీళ్లల్ల ఉన్నది నాయినా" అని చేత్తో కృష్ణ దిక్కు చూపింది. ఆ తర్వాత మనుమణ్ని కేకేసి మాకు చాయ్ పెట్టించింది. మనుమడి పేరు సైదులు.

అదే రోజు మధ్యాహ్నం గని బాట మీద ఒక గేటు దగ్గర ఇంకెవరో ఇదే ప్రశ్న అడిగారు. "ఏ ఊరు?" చెప్పాం. "పేర్లు?" చెప్పాం. పేర్లు విన్నాక గొంతు మారింది. ఆధార్ కార్డులు తీయమన్నారు. సంచులు విప్పించారు. పంపు, సొల్యూషన్ ట్యూబు, రెండు రొట్టెలు, ఒక తెలుగు పేపరు, ఒక ఉర్దూ పేపరు బయటపడ్డాయి. ఉర్దూ పేపరు తిరగేసి చూసి "ఇందులో ఏముంది?" అన్నారు. తెలుగు పేపరులో ఉన్నదే ఉంది. ఫోటో తీసుకుని వదిలారు. బాట ఊరిదే, గేటు వాళ్లది. హైదరాబాదు నుంచి హెల్మెట్లు పెట్టుకుని పదిమంది వస్తే షికారు, మేం ముగ్గురం వస్తే అనుమానం.

ముసలమ్మ అడిగిందీ, గేటు దగ్గర అడిగిందీ ఒకటే ప్రశ్న. ఆమె వరస కలపడానికి అడిగింది. వీళ్లు వేరు చేయడానికి అడిగారు. ఊరు పోగొట్టుకున్న మనిషికి ఇంకొకరి ఊరు అడగడంలో ప్రేమ ఉంటుందని మాకు ఆ పూట తెలిసింది.

మా ఊళ్ల రోడ్డుకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్యలో భారత సైన్యంలో ఒక దళం బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగానే వచ్చింది. రజాకార్లు చేసింది దౌర్జన్యమే, దాన్ని మేం ఏనాడూ కాదనలేదు. ఆ దౌర్జన్యాన్ని ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో హైదరాబాదులో వాళ్ల చేతిలో చచ్చిపోయిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మా వృత్తి మనిషే, మా మతం మనిషే. ఆయన్ను తలుచుకోమని ఎవరూ మమ్మల్ని అడగరు. రజాకార్ల గురించి మాత్రం మేం పుట్టక ముందటి లెక్కకూ మమ్మల్నే జవాబు అడుగుతారు.

రెండో రోజు జాన్‌పహాడ్ చేరాం. పాలకీడు మండలం, సైదులు దర్గా. ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది, గంధం ఊరేగుతుంది. ఉర్సు లేని రోజుల్లో కూడా మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు చెట్ల కింద కందూరు చేస్తూ కనిపిస్తారు. వాళ్లలో హిందువులు ఎక్కువో, ముస్లింలు ఎక్కువో పొయ్యిలు చూసి చెప్పలేం. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో సైదులు, సైదమ్మ పేర్లున్న యాదవులు, గౌడులు, లంబాడాలు, మాదిగలు ఊరూరా ఉంటారు. బిడ్డ బతికితే నీ పేరు పెడతామని మొక్కుకున్నవాళ్లు పెట్టిన పేర్లవి. సయ్యద్ అన్న మాట తెలుగు నోట్లో నాని సైదులు అయింది, చివర 'లు' కూడా తగిలించుకుంది. ఇంతకన్నా స్థానికత ఏ కార్డు మీద అచ్చేస్తారు?

చాదర్ పరిచి, ఫాతెహా ఇచ్చి, కందూరు పెట్టుకున్న ఒక కుటుంబం పిలిస్తే వాళ్ల విస్తట్లో తిని సైకిళ్లెక్కాం. నేరేడుచర్ల చేరేసరికి సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పొలాలు పచ్చగా, కంకర పోయి డాంబర్ వచ్చింది. బాట నున్నగా ఉంది గానీ చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు మా మూడు దుకాణాల్లో ఒకటి సెల్‌ఫోన్ల షాపు, ఒకటి మూతపడింది, ఒకటి మాత్రం బైకుల పంక్చర్లతో నడుస్తోంది. మా పిల్లలు ఇంజనీరింగు, ఫార్మసీ చదువుతున్నారు. చదవాలి. కానీ తాతలు ఏం చేసేవారని ఎవరైనా అడిగితే వాళ్లు తల దించుకోకూడదని మా పట్టుదల. అందుకే వచ్చే చలికాలం వాళ్లను కూడా ఈ బాట మీదికి తీసుకుపోతున్నాం. ముందుగా పంక్చర్ వేయడం నేర్పుతున్నాం. పంక్చర్లేసేటోళ్లు అంటే ఔను, వేసేటోళ్లమే. ఈ నేల మీద ఏ ముల్లు ఎక్కడ ఉంటుందో, ఏ రాయి ఎట్లా కోస్తుందో మాకు తెలుసు. తెలియకుంటే ఇన్ని తరాలు ఇక్కడ దుకాణం నడిచేది కాదు.