వెనకాల మూడంకెలు

డబ్బు దాచడం ఇల్లాలికి ఒకరు నేర్పాలా చెప్పండి? పోపుల డబ్బాలో మెంతుల కింద, బీరువాలో పట్టుచీర మడతల్లో, బియ్యం డబ్బా అడుగున! మనం దాచిన చోటు ఇంట్లో పిల్లికి కూడా తెలియదు. అలాంటి మనం క్రెడిట్ కార్డు వెనక ఉండే మూడంకెల దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత ధారాళంగా ఉంటామో నాకు బోధపడదు.

మా ఎదురింటి పిన్నిగారినే చూడండి. కరెంటు బిల్లు కడతాను, కార్డు ఫోటో పంపమని మేనల్లుడు అడిగితే, ముందూ వెనకా రెండు వైపులా తీసి పంపేశారు. అదీ చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో! "అందరూ మనవాళ్లేగా" అంటారావిడ. మనవాళ్లే, కాదనను. ఆ ఫోన్లు రేపు ఎవరెవరి చేతుల్లో పడతాయో?

అసలా సీవీవీ అంకెలెందుకంటారా? దుకాణంలో అయితే కార్డు ఎదురుగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో కొంటే అమ్మేవాడికి మనమూ కనబడం, కార్డూ కనబడదు. కార్డు మన దగ్గరే ఉందనడానికి ఆ అంకెలే సాక్ష్యం. అందుకే వాటిని కార్డు మీద అచ్చు వేస్తారు గాని, నల్లపట్టీలో ఉంచరు. పట్టీకి దొంగ నకలు తీసినవాడికి అవి దొరకవన్నమాట. బేరం అయ్యాక వాటిని దాచుకోకూడదని దుకాణాలకు కార్డు కంపెనీల కట్టడి కూడా ఉంది. దుకాణమే దాచుకోకూడని దాన్ని మనం గ్రూపులో పెట్టేస్తే ఎలా?

"ఓటీపీ ఉందిగా" అంటారు కొందరు. నిజమే, ఇంటర్నెట్ కొనుగోళ్లకు మన దేశంలో 2009 నుంచి రిజర్వు బ్యాంకు ఆ రెండో తాళం వేయించింది. కాని విదేశీ దుకాణాలు చాలావాటికి ఆ తాళంతో పనిలేదు. కార్డు నెంబరు, గడువు తేదీ, ఈ మూడంకెలు ఉంటే చాలు. అక్కడ కొనే పనిలేకపోతే విదేశీ వాడకం ఆపించుకోవడం మేలు.

ఇంకో సంగతి. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, మనమే అంకెలు చెప్పి మోసపోతే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్మంతా మన నెత్తినే. అందుకని పోయిన మరుక్షణం బ్యాంకుకూ, 1930కీ ఫోన్ చేయాలి. పరువు పోతుందని దాచుకుంటే ఇంకా పోతుంది.

మన చిక్కంతా మర్యాదతోనే. "అమ్మా, బ్యాంకు నుంచి" అని ఎవరైనా మెత్తగా అడిగితే కాదనలేం. బ్యాంకువాళ్లు ఆ అంకెలు ఫోనులో అడగరు. అడిగాడంటే వాడు దొంగే. ఇంటికొచ్చిన వాళ్లకు కాఫీ ఇవ్వకుండా పంపలేం గాని, వాడికి మాత్రం "చెప్పను" అని ఫోను పెట్టేద్దాం. ఆ ఒక్కమాటకీ మనల్నెవరూ తప్పుపట్టరు లెండి!