గంటసేపు తెరుచుకున్న తలుపు

2003 డిసెంబరు 2. మన గడియారంలో ఉదయం సుమారు తొమ్మిదింబావు. జెంటూ లినక్స్ కోసం పనిచేస్తున్న ఓ సర్వర్‌లోకి దొంగ పడ్డాడు. ఎక్కడో దూరాన కూర్చునే లోపలికి దారి చేసుకున్నాడు.

జెంటూ వాడేవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌ల వివరాలను ఇలాంటి సర్వర్ల నుంచే తెచ్చుకుంటారు. తెచ్చిపెట్టే ప్రోగ్రాం పేరు ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ దీన్ని తయారుచేశారు. మహా పొదుపరి! కిరాణాకొట్టు ఖాతాలో రెండు పద్దులు మారితే పుస్తకమంతా తిరగరాయం కదా... ఇదీ అంతే. మారిన ముక్కల్నే పంపి, రెండుచోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచుతుంది.

అలాంటిచోట దొంగ పడితే నష్టం ఒక్క కంప్యూటర్‌తో ఆగదు. ఊరి మంచినీళ్ల ట్యాంకులో విషం కలిపినట్టే.

అదృష్టం... ఆ సర్వర్‌కి ఇద్దరు కాపలాదారులున్నారు. చొరబాట్లను పసిగట్టే ప్రోగ్రాం ఒకటి, ఫైళ్లు మారితే చెప్పేది ఇంకొకటి. దొంగ తన జాడలు చెరిపేయాలని చూశాడు. పూర్తిగా కుదరలేదు. దాదాపు గంటలో సంగతి బయటపడింది, సర్వర్‌ను ఆపేశారు. ఆలోగా ఓ 20 మంది అక్కణ్నుంచి ఫైళ్లు తెచ్చుకున్నారు. దొంగ ఆ ఫైళ్ల జోలికి వెళ్లలేదన్న నమ్మకం కుదిరాకే జెంటూ బృందం ఊపిరి పీల్చుకుంది.

మరి కన్నం ఎక్కడ? మిగిలిన ఆధారాలను ముక్కముక్కా పేర్చి చూస్తే ఆర్‌సింక్‌లోనే తేలింది. సేరు పట్టే గిన్నెలో సవాసేరు పోస్తే పొర్లిపోతుంది. అలా మెమరీలో పొర్లిన సమాచారాన్ని తెలివిగా అమర్చితే సర్వర్ దాన్ని ఆజ్ఞగా భావించి పాటిస్తుంది. దానికి లినక్స్ కెర్నెల్‌లోని మరో లోపం తోడైతే యంత్రం మొత్తం దొంగ చేతికే!

డిసెంబరు 4న, అంటే రెండ్రోజుల్లోనే, కన్నం పూడ్చిన 2.5.7 వెర్షన్ వచ్చేసింది. దాంతో పని అయిపోయిందా? లేదు. ఆర్‌సింక్ సర్వర్ నడిపే ప్రతి ఒక్కరూ ఎవరికివారు దాన్ని వేసుకోవాలి. వేసుకోనివాడి తలుపు తెరిచే ఉంటుంది. పైగా కన్నం ఎక్కడుందో ఈసారి లోకానికంతా తెలుసు.

2025 జనవరిలోనూ ఇదే కథ. ఆర్‌సింక్‌లో మళ్లీ మెమరీ పొర్లే లోపం, మళ్లీ కొత్త వెర్షన్... 3.4.0. ఇంట్లో ఫోనో కంప్యూటరో ‘అప్‌డేట్ చేయండి’ అని అడిగితే ‘రేపు చూద్దాంలే’ అనేస్తాం. ఆ చిన్న కబురు వెనక ఎక్కడో ఓ కన్నం, దాన్ని పూడ్చడానికి ఎవరో పడిన తిప్పలూ ఉండి ఉండొచ్చు!