రుయ్ కోస్టా: దూరం తెంచని బంధం

గోల్ కొట్టినవాడు దుఃఖంతో ఏడవడం ఎక్కడైనా చూస్తామా? లిస్బన్‌లోని బెన్‌ఫికా ఫుట్‌బాల్ క్లబ్బులో ఎదిగిన రుయ్ కోస్టా 1994లో ఇటలీ జట్టు ఫియోరెంటీనాకు వెళ్ళాడు. ఆ తరువాత ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో, సొంత ఊళ్ళోనే బెన్‌ఫికాపై గోల్ కొట్టి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళంటే నాకెంతో గౌరవం.

అలాగని పరాయిచోట మొక్కుబడిగా ఆడలేదు. ఏడేళ్ళు ఫియోరెంటీనా ఊరైన ఫ్లోరెన్స్‌లో బటిస్టుటా వంటి గోల్‌వీరులకు బంతులందించాడు. తరువాత మిలాన్ జట్టు తరఫున 2003లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. మిడ్‌ఫీల్డర్‌గా శ్రమ తనది, పేరు తరచూ మరొకరిది. ఆ ఇచ్చే గుణమే అతని ఆటకు అందం.

2006లో బెన్‌ఫికాకు తిరిగొచ్చి, 2008లో అక్కడే బూట్లు విప్పాడు. 2021లో దానికే అధ్యక్షుడయ్యాడు. అన్నం పెట్టిన చోటికి చెమట, పెంచిన చోటికి ప్రేమ: రెండింటికీ ఒకే జీవితంలో న్యాయం చేయవచ్చని అతణ్ణి చూసే నమ్మాను.