సున్నా రాయడం మరిచిన రోజు

ప్రియమైన తమ్ముళ్ళకు,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే, నాకు ముందుగా గుర్తొచ్చింది ఒక సున్నా.

2003లో మన హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసయ్యాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాక 'సి' లాంగ్వేజ్ వచ్చి మీద పడింది. ఒకరోజు ల్యాబ్‌లో అర్రే మీద సొంతంగా ప్రోగ్రామ్ రాయమన్నారు. నాకు తెలిసిన లెక్క మన హాస్టల్ లెక్కే. ఆరు నుంచి పది వరకు తరగతికొక గడి చొప్పున 5 గళ్ళ అర్రే పెట్టాను. ఒక్కో పిల్లాడి తరగతి టైపు చేస్తే ఆ గడిలో ఒకటి కలవాలి. 12 మందిని ఎక్కించి రన్ చేశాను. ఏడో తరగతిలో మైనస్ 18 వేల పైచిలుకు మంది ఉన్నారని వచ్చింది!

పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. ఇంగ్లీషు సరిగా రానివాడికి ఈ చదువెందుకని నాకే అనిపించింది. ఊరెళ్ళిపోదామని ఆ రాత్రి ట్రంకు పెట్టె సర్దుకున్నాను.

పొద్దున ల్యాబ్ సార్ పిలిచి ప్రోగ్రామ్ చూశారు. "ఇంట్ అన్నావు, పూర్ణాంకాలని దానికి తెలిసింది. 5 అన్నావు, చోటిచ్చింది. అందులో ఏముండాలో మాత్రం చెప్పలేదు కదరా!" అన్నారు. మెయిన్ లోపల పెట్టిన అర్రేకు మొదటి విలువలు మనమే ఇవ్వాలట. ఇవ్వకపోతే ఆ మెమరీలో అంతకుముందు మిగిలిపోయిందేదో అదే ఉంటుంది. దాన్నే గార్బేజ్ విలువ అంటారు. నా ఒకట్లన్నీ దానికే కలిశాయి.

ఆరో తరగతిలో నాకిచ్చిన ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. పదో తరగతి అన్న ఒకాయన వదిలి వెళ్ళినది. ఖాళీదే కదా అని తెరిస్తే పాత రఫ్ నోట్సు, చిరిగిన బనీను, రెండు బొద్దింకలు! అమ్మ దాన్ని తుడిచి, పేపరు పరిచాకే నా బట్టలు పెట్టింది.

సార్ ఒక్క ముక్కే చేర్చారు. అర్రే పక్కన సమానం గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లలో సున్నా. మొదటి గడికి ఆ సున్నా వెళ్తుంది, మిగతా నాలుగింటికీ సున్నాలు వాటంతటవే వస్తాయి. ఈసారి మొత్తం సరిగ్గా 12 వచ్చింది.

సి నేర్చుకునే తమ్ముళ్ళు ఒకటి గమనించండి. అక్కడ సున్నాకు బదులు 1 రాస్తే అన్ని గళ్ళలోకీ 1 రాదు. మొదటి గడిలోనే 1, మిగతావన్నీ సున్నాలే. అన్నింటిలో 1 కావాలంటే ఐదుసార్లు రాయాలి, లేదా లూప్ పెట్టాలి. గళ్ళ సంఖ్య రాయకుండా విలువలే ఇస్తే కంపైలరే లెక్కపెట్టుకుంటుంది.

అసలు సంగతి చివర్లో తెలిసింది. నవ్విన వాళ్ళలో ఇద్దరి ప్రోగ్రాముల్లోనూ ఆ సున్నా లేదు! వాళ్ళ గళ్ళలో అదృష్టం కొద్దీ సున్నాలే మిగిలి ఉండటంతో తప్పు బయటపడలేదు, అంతే. వాళ్ళు ఇంగ్లీషు మీడియం వాళ్ళే. నా తప్పుకూ నా ఇంగ్లీషుకూ సంబంధం లేదని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం వెళ్ళి పెట్టెలోని బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను.

ఇట్లు
మీ పూర్వ విద్యార్థి, 2003 బ్యాచ్