శరదృతువులో నల్లమల కాలిబాట

శరత్తు అనగానే నిర్మలాకాశం, పండువెన్నెల, తేటపడిన నదీజలాలు స్మృతికి వస్తాయి. పూర్వం రాజులు జైత్రయాత్రలకు ఎన్నుకున్నదీ ఈ కాలాన్నే. కనుక కావ్యాలు చదివినవారికి ఇది ప్రయాణాలకు అనువైన ఋతువన్న అభిప్రాయం కలగడం సహజం. అయితే జనసంచారం లేని కొండదారుల విషయంలో ఈ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి ఉంటుంది.

ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి సాగే కాలిబాట ఎంతో ప్రాచీనమైనది. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ మార్గాననే శ్రీశైలం చేరాడు. నేటికీ శివరాత్రికి, ఉగాదికి కన్నడ యాత్రికులు వేలాదిగా ఈ దారిన నడుస్తారు. ఆ రోజుల్లో దారి తప్పడమన్న మాటే లేదు. ముందువారి అడుగే వెనుకవారికి బాట. ఉత్సవాలు ముగిసి వానలు కురిశాక అడవి ఆ బాటను తిరిగి తన వశం చేసుకుంటుంది. పైగా ఇది పెద్దపులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. ఆ అనుమతి పొంది, ఇద్దరు చెంచు పెద్దలను దారి చూపవలసిందిగా కోరి, ఒక అధ్యాపకుని వెంట మేము పదకొండుగురం ఆశ్వయుజ మాసాంతంలో బయలుదేరాము.

మాలో సగంమంది ఉర్దూ మాధ్యమం వారు. గజళ్ళలో చదివిన 'ఖిజాఁ' ఇక్కడ ఎక్కడున్నదని వారు ప్రశ్నించారు. పారశీక కవుల తోటలలో ఆకు రాలేది ఈ నెలల్లోనే. నల్లమలలో టేకు, నల్లమద్ది వంటి వృక్షాలు ఆకు రాల్చేది శరత్తు గడిచాకనే. శరత్తు నాటికి ఈ అడవి పచ్చదనంతో నిండి ఉంటుంది. చూపరులకు ఆ పచ్చదనమే సౌందర్యం; నడిచేవారికి అదే అవరోధం. రొమ్ముల ఎత్తు పెరిగిన గడ్డి మెట్లను కప్పివేస్తుంది. గడ్డిగింజల ముళ్ళు మేజోళ్ళలో దూరి చర్మాన్ని గుచ్చుతాయి. ఉదయపు మంచుకు మోకాళ్ళ వరకు బట్టలు తడిసిపోతాయి. నీడన ఉన్న రాళ్ళ మీది పాచి కాలును జార్చుతుంది. ఎండ తగిలిన రాళ్ళ మీద పాములు వెచ్చదనానికి చేరుతాయి. అందుకే చెంచు పెద్ద ప్రతి అడుగుకూ ముందు కర్రతో గడ్డిని తట్టుతూ నడిచాడు. జూన్‌లో సుమారు 13 గంటలుండే పగలు నవంబరు నాటికి 11½ గంటలకు తగ్గుతుంది. లోయలలో చీకటి అంతకు ముందే దిగుతుంది.

రెండవనాటి మధ్యాహ్నం భీమునికొలను లోయలోకి దిగవలసిన చోట పెద్ద ఆగిపోయాడు. మా నెత్తిన ఎండ కాస్తున్నది. దారికి అడ్డంగా పారే చిన్న వాగు మాత్రం ఎర్రబారి, ఎండుపుల్లలను మోసుకుని వస్తున్నది. "ఇది ఇక్కడి వాన కాదు సారూ, పైన కురుస్తాంది. మనం పొద్దున దాటిన వాగు కూడా లేస్తాది. ఇప్పుడే తిరగాల" అన్నాడు. మాలో చివరి సంవత్సరపు మిత్రులు ఒప్పుకోలేదు. వచ్చే ఏడు ఎవరు ఎక్కడుంటారో తెలియదు. కైలాసద్వారపు మెట్లు ఇక కొద్ది దూరమే. మాటకు మాట పెరిగింది. అధ్యాపకులు ఇరుపక్షాలా విని, "ఈ కొండలో పుట్టినవాని మాటే మనకు శాసనం" అన్నారు. మౌనంగా వెనుదిరిగాము. ఉదయం చీలమండల లోతున దాటిన వాగు అప్పటికి మోకాళ్ళు దాటింది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పెద్ద చూపిన రాళ్ళ వెంబడి ఆవలి గట్టు చేరాము. గంట గడవకముందే ఆ రాళ్ళేవీ కనిపించలేదు. అంతవరకు వాదించిన మిత్రుడే ముందుగా వెళ్ళి పెద్ద చేతులు పట్టుకున్నాడు.

నైరుతి ఋతుపవనం వెనుదిరిగి ఈశాన్య ఋతుపవనం ప్రవేశించే సంధికాలం ఇది. అక్టోబరు, నవంబరు మాసాలలో బంగాళాఖాతపు వాయుగుండాలు కొద్ది గంటలలోనే కుండపోత కురిపించగలవు. 2009 అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినది ఈ ఋతువులోనే. ఇంటి గోడల మీద ఆ నీటి గుర్తులు చూసినవారికి శరత్తు స్వభావాన్ని వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒక్కటే. కొండకు వెళ్ళేముందు వాతావరణ సూచన తెలుసుకోండి. పోయే దారినీ, తిరిగివచ్చే వేళనూ వ్రాసి ఇంట ఇచ్చి వెళ్ళండి. మధ్యాహ్నం దాటాక కొత్త లోయలోకి దిగకండి. కళాశాల పాలకవర్గం వారు ఏటా ఇటువంటి యాత్రలకు అనుమతినిచ్చి, ఒక గట్టి మోకు, ప్రథమ చికిత్స పెట్టె, చెంచు మార్గదర్శకులకు తగిన పారితోషికం ఏర్పాటు చేస్తే మేలు చేసినవారవుతారు. రాజులు కట్టించిన మెట్లు రాతివి కనుక గడ్డి క్రింద ఎంతకాలమైనా నిలుస్తాయి. వాగు రంగు చూసి వాన జాడ చెప్పగల విద్య మాత్రం మనుషులలో ఉన్నది. అడిగి నేర్చుకునేవారు లేకపోతే అది వారితోనే అంతరిస్తుంది.