తాళంచెవి ఎవరిది?

మా ఇంట్లో టీవీ పక్కన చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటుంది. లోపల రెండు డిస్కులు. పిల్లలు దాన్ని నాస్ అంటారు. మా శ్రీమతి మాత్రం "మీ రెండో సంసారం" అంటుంది. నాలుగేళ్ళుగా ఆదివారాలు భివండీ పద్మానగర్‌లో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారు, ఏ సంవత్సరంలో వచ్చారు, మొదట ఎవరి కార్ఖానాలో సాంచాలు నడిపారు... ఇవన్నీ. చెప్పిన పెద్దల్లో కొందరు ఇప్పుడు లేరు. మళ్ళీ అడుగుదామన్నా అడగలేం.

మొన్న దీపావళి సెలవుల్లో డిస్కు మొరాయించింది. డేటాబేసు సర్వరు ఆపి, ఫోల్డరు మొత్తం వేరేచోట దాచి, కొత్త డిస్కు వేసి తిరిగి ఎక్కించాను. అంతా సవ్యంగానే చేశాననుకున్నాను. సర్వరు మొదలవదే! బటన్ నొక్కడం, రెండు క్షణాలు వెలగడం, ఆరిపోవడం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పుణెలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"నాన్నా, బటన్ నొక్కుడు ఆపి ముందుగాల లాగ్ చదువు."

చదివాను. ఎర్రర్ 13, పర్మిషన్ డినైడ్. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, తెరిచే హక్కే పోయింది. మరియాడీబీ సర్వరు 'మైఎస్‌క్యూఎల్' అనే పేరుతో, ఆ ఒక్క పేరుకున్న అధికారంతోనే పనిచేస్తుందట. నేను 'రూట్'గా లాగిన్ అయి కాపీ చేశాను కాబట్టి ఫైళ్ళన్నీ రూట్ పేరుమీద పడ్డాయి. అంటే మేనేజరు పేరున లాకరు పెట్టి, క్యాషియరును తెరవమన్నట్టు!

పక్కింటి కుర్రాడు వచ్చి, "అంకుల్, 777 కొట్టుండ్రి, అయిపోతది" అన్నాడు. చదవడం, రాయడం, నడపడం అన్నీ అందరికీ ఇచ్చెయ్యడమన్నమాట. ముప్పై ఏళ్ళు జాయింట్ కస్టడీలో స్ట్రాంగ్‌రూమ్ తాళాలు మోసినవాణ్ణి, నా చెయ్యి ఆడలేదు. ఫోనులోనే అమ్మాయి కేకేసింది. ఎవరైనా దిద్దగలిగేలా ఉన్న సెట్టింగుల ఫైలును ఆ సర్వరు అసలు లెక్కలోకే తీసుకోదట. ఈ జాగ్రత్త చూసి నాకు దానిమీద గౌరవం కలిగింది.

చివరికి 'చోన్' అన్న ఒక్క ఆదేశంతో ఆ ఫోల్డరూ, లోపలి ఫైళ్ళూ మైఎస్‌క్యూఎల్ పేరుకు మార్చాను. సర్వరు లేచి కూర్చుంది. ఈ మాంటీ విడేనియస్ అనే ఫిన్లాండు ఆయన 'మై' అన్న పెద్ద కూతురి పేరు మైఎస్‌క్యూఎల్‌కీ, 'మరియా' అన్న చిన్న కూతురి పేరు 2009లో మొదలైన మరియాడీబీకీ పెట్టాడని అమ్మాయే చెప్పింది. "మరి నా పేరు దేనికి పెడుతవు?" అని అడిగింది కూడా.

మొదట తెరిచింది మా బాపు వరుస. ఊరు సిరిసిల్ల, వచ్చింది 1968. అన్నీ ఉన్నాయి. మర్నాడే ఒక కాపీ పెన్‌డ్రైవులో వేసి శ్రీమతి బీరువాలో పెట్టాను. ఆ తాళంచెవి మాత్రం ఆవిడ నాకివ్వనంది.